గ్రంథాలయ గురువు రంగనాథన్

గ్రంథాలయమంటే తాళం వేసిన బీరువాలు, గంభీర వదనంతో కూర్చున్న అధికారి, మాట్లాడడానికే భయపడే పాఠకులు గుర్తుకు వచ్చే కాలమది. అటువంటి చోటికి తరగతి గదిలోని ఉత్సాహాన్ని, చమత్కారాన్ని తీసుకొనివెళ్ళి, పుస్తకానికీ పాఠకునికీ నడుమ ఉన్న బెరుకును తొలగించిన మహనీయుడు షియాలి రామామృత రంగనాథన్.

రంగనాథన్ 1892 ఆగస్టులో తంజావూరు జిల్లాలోని షియాలిలో జన్మించారు. తల్లి సీతాలక్ష్మి, తండ్రి రామామృత అయ్యర్. ఊరివారిని కూర్చోబెట్టుకొని రామాయణాన్ని వివరించే అలవాటు తండ్రికి ఉండేది. రంగనాథన్ ఆరేళ్ళ వయస్సులోనే ఆయన కన్నుమూశారు. దానికి తోడు బాలుణ్ణి నత్తి బాధించేది. ఆ లోపాన్ని పట్టుదలతో జయించి, మద్రాసు క్రైస్తవ కళాశాలలో గణితశాస్త్రంలో ఎం.ఏ. పూర్తి చేశారు. మాట తడబడిన ఆ బాలుడే మాటలతో విద్యార్థులను ఆకట్టుకొనే అధ్యాపకుడు కావడం విశేషం.

1917 నుండి మంగుళూరు, కోయంబత్తూరు, మద్రాసు ప్రభుత్వ కళాశాలల్లో ఆయన గణితం బోధించారు. తాను చెప్పుకుపోతుంటే విద్యార్థులు రాసుకుపోయే పద్ధతి ఆయనకు రుచించలేదు. ప్రశ్నలు వేసి, చర్చలు జరిపించి, సమాధానాన్ని వారిచేతనే కనుగొనజేసేవారు.

1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి పదవి ఆయనను వరించింది. విద్యార్థుల నడుమ సందడిగా గడిపిన వ్యక్తికి ఆ గ్రంథాలయంలోని ఏకాంతం భరించరానిదయింది. కొద్ది రోజులకే పాత ఉద్యోగం తిరిగి ఇప్పించమని కళాశాల ప్రధానాచార్యుణ్ణి వేడుకొన్నారు. ఇంగ్లండులో శిక్షణ ముగించుకొని వచ్చాక కూడా మనసు మారకపోతే తిరిగి చేర్చుకొంటామని ఆయన నచ్చజెప్పారు.

లండనులో రంగనాథన్ డబ్ల్యు.సి. బెర్విక్ సేయర్స్ వద్ద గ్రంథాలయ శాస్త్రం అభ్యసించారు. వందకు పైగా గ్రంథాలయాలను దర్శించారు. పిల్లలు, కార్మికులు, గృహిణులు నిర్భయంగా వచ్చి పుస్తకాలు తీసుకొనివెళ్ళడం ఆయనను ఆలోచింపజేసింది. మరొక సంఘటన ఒక బొమ్మల దుకాణంలో జరిగింది. అక్కడ మెకానో అనే ఆటవస్తువును చూపుతున్నారు. అవే రేకులు, చక్రాలు, మరలు. వాటిని కలిపే తీరు మారితే బొమ్మ మారుతుంది. విషయాలను కూడా ఇలాగే విడి భాగాలుగా చేసి కలపవచ్చునన్న ఊహ ఆయనకు తట్టింది. 1933లో వెలువడిన ద్విబిందు వర్గీకరణకు బీజం ఆ పిల్లల ఆటలోనే పడింది.

1925లో తిరిగి వచ్చిన రంగనాథన్ ఇక గణిత తరగతికి వెళ్ళలేదు. గ్రంథాలయాన్నే తరగతి గదిగా మలచుకొన్నారు. పాఠకులు స్వయంగా అరల మధ్యకు వెళ్ళి పుస్తకాలు ఎంచుకొనే వీలు కల్పించారు. ఏ పుస్తకం కావాలో తెలియక నిలబడిన విద్యార్థిని ఆదరంగా పలకరించి దారి చూపడం సిబ్బంది ధర్మమని బోధించారు. 1929లో గ్రంథాలయ శిక్షణ తరగతులు ప్రారంభించారు.

పుస్తకాలు వాడుకకొరకే, ప్రతి పాఠకునికీ తగిన పుస్తకం ఉంది, ప్రతి పుస్తకానికీ తగిన పాఠకుడున్నాడు, పాఠకుని కాలం వృథా కారాదు, గ్రంథాలయం పెరిగే ప్రాణి వంటిది. ఇవే ఆయన ప్రతిపాదించిన పంచసూత్రాలు. 1931లో గ్రంథరూపం పొందిన ఈ సూత్రాలను ఆయన పొడి సిద్ధాంతాలుగా చెప్పలేదు. వాటిని పాత్రలుగా మార్చి మాట్లాడించారు. రెండవ సూత్రం పురాణాలలోని చక్రవర్తివలె దిగ్విజయ యాత్రకు బయలుదేరుతుంది. పూర్వం పుస్తకాలను గొలుసులతో కట్టివేసిన వింత ఆచారాన్ని వర్ణిస్తారు. ఒక గ్రంథాలయాధికారి కథ కూడా చెబుతారు. రెండు పుస్తకాలు తప్ప అన్నీ అరలలోకి చేరాయని ఆయన మురిసిపోతాడు; ఆచార్యుని వద్దనున్న ఆ రెండింటినీ తెచ్చేయడానికి సంతోషంగా బయలుదేరుతాడు. చదివినవారు నవ్వుకొంటారు. చదివే చేతిలో లేని పుస్తకానికి విలువేమిటన్న ప్రశ్న నవ్వు వెనుకనే వచ్చి మనసులో నిలుస్తుంది. రంగనాథన్ హాస్యం కాలక్షేపానికి కాదు. పాఠానికి తలుపు తీయడానికి.

గ్రంథాలయానికి రాలేనివారి వద్దకు గ్రంథాలయమే వెళ్ళాలన్నది ఆయన ఆకాంక్ష. 1931లో మన్నార్గుడి ప్రాంతంలో ఎడ్లబండి గ్రంథాలయం పల్లెబాట పట్టింది. ఆయన కృషి ఫలితంగా 1948లో మద్రాసు పౌర గ్రంథాలయ చట్టం వచ్చింది. నాటి మద్రాసు రాష్ట్రంలో భాగమైన ఆంధ్ర జిల్లాలకు కూడా అది వర్తించింది.

కాశీ, ఢిల్లీ విశ్వవిద్యాలయాలలో బోధించిన రంగనాథన్‌ను ప్రభుత్వం 1957లో పద్మశ్రీతో సత్కరించింది. ఆ దశాబ్దంలోనే తాను కూడబెట్టుకొన్న లక్ష రూపాయలను భార్య శారద పేరిట గ్రంథాలయ శాస్త్ర ఆచార్య పీఠం కోసం మద్రాసు విశ్వవిద్యాలయానికి సమర్పించారు. 1962లో బెంగుళూరులో పరిశోధన, శిక్షణ కేంద్రాన్ని నెలకొల్పారు. 1965లో జాతీయ ఆచార్యులయ్యారు. 1972 సెప్టెంబరు 27న బెంగుళూరులో తుదిశ్వాస విడిచారు.

ఆయన జన్మదినంగా భావించే ఆగస్టు 12ను గ్రంథాలయాధికారుల దినోత్సవంగా జరుపుకొంటున్నారు. ఏకాంతానికి జడిసి వెనుదిరగబోయిన అధ్యాపకుడు ఆ ఏకాంతాన్నే పాఠకుల సందడితో నింపాడు. బెరుకు వీడి అరలవైపు నడిచే ప్రతి విద్యార్థి అడుగులోనూ రంగనాథన్ పాఠం కొనసాగుతూనే ఉంటుంది.