జాగీరు రాబడి కప్పులైంది

యర్రగొండపాలెంలో బస్సెక్కి పనికిపోయే మన పిల్లోళ్లు హైదరాబాదు ఇమ్లీబన్‌లో దిగి కాగితం కప్పులో టీ తాగుతారు. ఆడికి నడిచిపోయేంత దూరంలోనే, మూసీ ఒడ్డున, ఇంగ్లండు పాత పింగాణీ కప్పులు అద్దాల బీరువాల్లో ఉన్నాయి. వాటిల్లో ఎవురూ టీ తాగరు. వాటిని కూడబెట్టినాయన మీర్ యూసఫ్ అలీఖాన్, అంటే మూడో సాలార్‌జంగ్.

1889లో పూనాలో పుట్టాడు. పుట్టిన కొద్దిరోజులకే తండ్రి పోయాడు. తాతా తండ్రీ నిజాం దగ్గర దివాన్లు. వాళ్ల దేవిడీలో ఒక గది గోడల నిండా పింగాణీ పళ్లేలూ కప్పులే పొదిగి ఉండేవి, చీనీఖానా అనేవాళ్లు. అట్టాంటి ఇంట్లో పెరిగినోడికి ఆ పిచ్చి పట్టకుండా ఉంటదా?

1912లో, ఇరవైమూడేళ్లకే దివాన్ అయ్యాడు. 1914లో దిగిపోయాడు. పెళ్లి చేసుకోలేదు. ఆ తర్వాత ముప్పై అయిదేళ్లు ఇదే పని. ఐరోపా తిరిగి కొన్నాడు, అమ్మేవాళ్లు ఇంటికే తెచ్చిచ్చారు. వూస్టర్, డెర్బీ, మింటన్ లాంటి ఇంగ్లండు కార్ఖానాల సరుకు ఆయన ఇంటికి చేరింది. చీనావాళ్ల పింగాణీ గుట్టు కోసం ఐరోపా చానా కాలం తన్నుకులాడింది. ఇంగ్లీషోళ్లు 18వ శతాబ్దం చివరికి మట్టిలో సగందాకా పశువుల ఎముకల బూడిద కలిపి, వెలుగుకి పెడితే అవతల వేళ్ల నీడ కనపడేంత పల్చని కప్పు తీశారు. 'బోన్ చైనా' అని ఇప్పుడు కొట్లో అమ్మేది అదే.

మరి డబ్బు యాడిది? కోస్గి, కొప్పళ లాంటి జాగీరు ఊళ్ల రైతులు కట్టిన శిస్తు. మన ప్రాంతాన్ని నిజాం 1800లోనే కుంపిణీకి రాసిచ్చాడు గాబట్టి ఆ లెక్కలో మనోళ్లు లేరు. ఆ కప్పుల్ని చూస్తే నాకు ముచ్చటా వేస్తది, కడుపులో మంటా పుడతది. రెండూ నిజమే.

1949 మార్చిలో ఆయన పోయాడు. అదే ఏడు ఆగస్టులో జాగీర్లు రద్దయినయి. వారసుడు లేడు. 1951లో ఆ దేవిడీలోనే మ్యూజియం తెరిచారు, 1961లో పార్లమెంటు చట్టం చేసి దాన్ని జాతీయ సంస్థ చేసింది. 1968లో ఇప్పుడున్న కట్టడానికి మార్చారు. రైతు శిస్తుతో కొన్న కప్పు అట్టా తిరిగి జనం సొత్తయింది.

అందరూ గంట కొట్టే గడియారం ముందరే గుమిగూడతారు. మీరు పోతే పింగాణీ గదికి కూడా పోండి. శుక్రవారం మాత్రం సెలవు.