మొహమాటానికి మందు లేదు

పోయిన చలికాలంలో మూత్రానికి వెళ్తే మంట మొదలైంది. డాక్టరుకు చెప్పుకోవడానికి మొహమాటపడి, ఇండియా నుంచి తెచ్చుకున్న యాంటీబయాటిక్ మూడు రోజులు మింగి, తగ్గగానే మానేశాను. రెండు వారాలకు మంట తిరిగొచ్చింది, జ్వరంతో సహా. డాక్టరు మూత్రం కల్చర్‌తో పాటు క్లామీడియా, గనేరియా పరీక్షలూ రాశారు. పెళ్లయినవాణ్ణి, నాకెందుకని మనసు చివుక్కుమంది. చేతిలో సీసాతో నిలబడ్డప్పుడు యల్లాప్రగడ సుబ్బారావు గారు గుర్తొచ్చారు.

1895లో భీమవరంలో పుట్టారాయన. స్ప్రూ వ్యాధి అన్నదమ్ములిద్దరిని పొట్టన పెట్టుకుంది. మద్రాసులో వైద్యం చదువుతూ ఖద్దరు కట్టినందుకు పై అధికారి కోపానికి గురై, ఎంబీబీఎస్‌కు బదులు తక్కువ స్థాయి ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకున్నారు. 1923లో భార్యను ఇంటి దగ్గర వదిలి బోస్టన్ చేరారు. మళ్లీ స్వదేశం చూడలేదు.

చదువుకుంటూనే పొట్టకూటికి ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు కడిగారు. 1925లో ఫిస్క్‌తో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి ప్రచురించారు. అది ఇద్దరి పేర్లతోనే ప్రసిద్ధమైంది. అయినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు.

1940లో మా న్యూజెర్సీ సరిహద్దు అవతలే ఉన్న పెర్ల్ రివర్‌లోని లెడర్లీ కంపెనీకి వచ్చారు. అక్కడ ఆయన బృందం తయారు చేసిన ఫోలిక్ ఆమ్లం స్ప్రూకు పనిచేసింది, తమ్ముడూ అన్నా పోయిన పాతికేళ్లకు. ఆయన నడిపిన పరిశోధన విభాగంలోనే డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ రాబట్టారు. టెట్రాసైక్లిన్ మందుల్లో అదే మొదటిది. 1948లో ఆ మందు లోకానికి తెలిసిన కొద్ది వారాలకే, ఆగస్టులో, 53వ ఏట సుబ్బారావు గారు నిద్రలోనే కన్నుమూశారు. క్లామీడియాకు నేడు డాక్టర్లు ముందుగా రాసే డాక్సీసైక్లిన్ ఆ కుటుంబంలోదే.

నాకు క్లామీడియా, గనేరియా లేవని తేలింది. ఉన్నది మూత్రనాళ ఇన్ఫెక్షన్. మంట రెండింటిలోనూ ఒకేలా ఉంటుంది, మందులు మాత్రం వేరు. పరీక్ష లేకుండా తేల్చలేరు. నేను తోచిన మాత్ర తోచినన్ని రోజులు మింగి జబ్బును ముదరబెట్టుకున్నాను. ఈసారి కోర్సు పూర్తిగా వాడాను. ఒకవేళ క్లామీడియా ఉండుంటే నా భార్యకూ పరీక్ష, చికిత్స అవసరమయ్యేవి.

పరాయి దేశంలో పరుల మూత్రపాత్రలు కడగడానికి ఆ మహానుభావుడు సిగ్గుపడలేదు. మన మూత్రం మనం సీసాలో పట్టి ఇవ్వడానికి మనకెందుకు సిగ్గు?