పక్షుల మనిషి సలీం అలీ

పిట్టల వెంట తిరుగుతానని హాస్టల్లో నన్ను ఆటపట్టించే మిత్రుల కోసం ఈ నాలుగు ముక్కలు.

సలీం అలీ 1896 నవంబరు 12న బొంబాయిలో జన్మించారు. పసితనంలోనే తల్లిదండ్రులు పోతే మేనమామ పెంచారు. ఎయిర్‌గన్‌తో కొట్టిన పిచ్చుక గొంతు మీద పసుపు మచ్చ ఎందుకుందన్న సందేహమే ఆయన్ని ఈ శాస్త్రంలోకి లాగింది. యూనివర్సిటీ పట్టా లేదు. అందుకే ఉద్యోగమూ దక్కలేదు. అయినా 1930ల తొలినాళ్లలో హైదరాబాదు సంస్థానమంతా తిరిగి పక్షుల సర్వే చేశారు. 1939లో భార్య తెహమినా కన్నుమూశారు.

నాకు మాత్రం ఆయన పేరు వింటే భరత్‌పూరే గుర్తుకొస్తుంది. చలికాలంలో సైబీరియా, మధ్య ఆసియాల నుంచి హిమాలయాలు దాటి వచ్చే బాతులు అక్కడి చిత్తడిలో దిగుతాయి. పూర్వం అది మహారాజుగారి వేటస్థలం. 1938లో వైస్రాయి బృందం ఒక్కరోజులో 4,273 పక్షుల్ని కూల్చింది. చూడండి, ఆ రోజూ నవంబరు 12!

స్వాతంత్ర్యం వచ్చాక ఆ నీళ్లు తీసేసి పొలాలు చెయ్యాలని చుట్టుపక్కల రైతులు పట్టుబట్టారు. వాళ్ల అవసరమూ అబద్ధం కాదు. సలీం అలీ నెహ్రూగారి దాకా వెళ్లి ఆపించారు. 1956లో అది పక్షుల అభయారణ్యమైంది. అక్కడ వేలాది పక్షుల కాళ్లకు రింగులు తొడిగి వదిలితే, కొన్ని రింగులు సోవియట్ నేల మీద దొరికాయి. అవి ఎక్కణ్ణించి వస్తున్నాయో అలా తెలిసిందండీ.

ఆయన 1987లో మరణించారు. సైబీరియా కొంగలు 2002 తర్వాత భరత్‌పూర్ రావడం మానేశాయి. బాతులు మాత్రం వస్తూనే ఉన్నాయి.