పాలు మానేసిన ఇంట్లో కస్తూరిబా

మొన్న సంక్రాంతికి హైదరాబాదు నుంచి వచ్చిన మా అమ్మాయి చెప్పుల జత విప్పుతూనే చెప్పేసింది, ఇకమీదట తను పాలు, పెరుగు, నెయ్యి ముట్టదట. వీగన్ అట. అంటే మాంసం, చేప, గుడ్డు మానడమే కాదు, పశువు నుంచి వచ్చేది ఏదీ, ఆఖరికి తేనె కూడా తినకపోవడం. మజ్జిగ చిలుకుతున్న మా అత్తయ్యగారు కవ్వం పట్టుకుని అలాగే ఉండిపోయారు. చివర్లో పెరుగన్నం లేని భోజనం ఆవిడ తన ఎనభై ఏళ్లలో చూడలేదు. పిల్ల ఏమైపోతుందోనని ఆవిడ దిగులు. నా దిగులు వేరు. ఒకే ఇంట్లో రెండు కాఫీలు, రెండు పాయసాలు, రెండు రకాల పోపులు ఎవరు పెట్టాలి?

ఆ రాత్రి అంట్లు సర్దుకుంటుంటే నాకు కస్తూరిబా గుర్తొచ్చింది. గాంధీగారు పాలు మానేశారని, మేకపాలు తాగేవారని చిన్నప్పుడు అందరం చదువుకున్నాం. ఆయన ఏది మానితే అది లేకుండా ఆ ఇంట్లో వంట చేసిన మనిషి గురించి ఎవరూ మనకి పాఠం చెప్పలేదు. ఆవిడ కథ ఒకసారి వంటింటి వైపు నుంచి చెప్పుకుందాం.

కోకో వచ్చింది, టీ పోలేదు

కస్తూరిబా 1869 ఏప్రిల్ 11న గుజరాత్ తీరంలోని పోరుబందరులో పుట్టింది. తండ్రి గోకుల్‌దాస్ కపాడియా వ్యాపారస్తుడు, కలిగిన కుటుంబం. ఆడపిల్లని బడికి పంపే రోజులు కావు. చిన్న వయసులోనే మోహన్‌దాస్‌తో పెళ్లయింది. ఆయన ఆవిడకంటే కొన్ని నెలలు చిన్న. 1888లో పెద్దకొడుకు హరిలాల్ పుట్టాడు. నెలల పిల్లాణ్ణి ఆవిడ చేతుల్లో వదిలి ఆయన బారిష్టరు చదువుకి లండన్ వెళ్లాడు. మాంసం, మద్యం, పరస్త్రీ జోలికి పోనని తల్లికి మాటిచ్చి మరీ ఓడెక్కాడు. అక్కడ శాకాహారుల సంఘంలో చేరి, కార్యవర్గంలో కూడా పనిచేసి, తిండి మీద బోలెడు పుస్తకాలు చదివి 1891లో తిరిగొచ్చాడు.

వచ్చాక రాజ్‌కోట ఇంట్లో ఆహార సంస్కరణ మొదలైంది. టీ, కాఫీల బదులు కోకో, ఓట్స్ జావ. అయితే జరిగిందేమిటంటే కోకో వచ్చింది గానీ టీ, కాఫీలు పోలేదు. పాతవాటి పక్కన కొత్తవి చేరాయి, ఖర్చు పెరిగింది. ఈ సంగతి ఆయనే తన ఆత్మకథలో ఒప్పుకున్నారు. చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఏ ఇంట్లోనైనా అంతే కదండీ. మనిషి ఒక్కరోజులో మనసు మార్చుకోగలడు, డబ్బాలున్న అలమర అంత తొందరగా మారదు.

ఉప్పు, పప్పు

1897 మొదట్లో కస్తూరిబా పిల్లలతో దక్షిణాఫ్రికాలో దిగింది. 1904లో డర్బన్ దగ్గర ఫీనిక్స్ ఆశ్రమం మొదలైంది. 1908-09 ప్రాంతంలో ఆవిడకి రక్తస్రావం జబ్బు చేసింది. డర్బన్‌లో డాక్టరు మత్తుమందు లేకుండానే ఆపరేషన్ చేయవలసి వచ్చింది, అంత బలహీనంగా ఉంది మనిషి. తరవాత పరిస్థితి విషమించి, గొడ్డుమాంసం చారు పట్టిస్తే తప్ప లాభం లేదన్నాడు డాక్టరు. గాంధీగారు నిర్ణయం ఆవిడకే వదిలేశారు. ప్రాణం పోయినా సరే తాగనని ఆవిడ తేల్చి చెప్పింది. అలా అయితే తన ఇంట్లో ఉంచుకోనన్నాడు ఆయన. చినుకులు పడుతుండగా, లేవలేని మనిషిని రైల్లో ఫీనిక్స్‌కి తీసుకుపోయారు. ఆవిడని అనుకూలవతి, మెతక మనిషి అనుకునేవాళ్లు ఈ ఘట్టం ఒక్కసారి తలుచుకోవాలి.

కొన్నాళ్లకి రక్తస్రావం తిరగబెట్టింది. ఉప్పు, పప్పులు మానేయమని గాంధీగారు బతిమాలారు. ఎన్ని పుస్తకాలు చూపించినా ఆవిడ ఒప్పుకోలేదు. డాక్టరు చెప్తే మీరు మాత్రం మానగలరా అని ఎదురు ప్రశ్న వేసింది. అంతే, ఆయన ఏడాదిపాటు రెండూ మానేస్తున్నానని అక్కడికక్కడే ప్రతిజ్ఞ చేసేశారు. ఆవిడ గుండె జారిపోయింది. నేను మానేస్తాను, మీరు మాట వెనక్కి తీసుకోండని ఏడ్చింది. ఆయన తీసుకోలేదు.

ఈ ఘట్టాన్ని ఆయన ప్రేమతో చేసిన సత్యాగ్రహంగా చెప్పుకున్నారు. ఇల్లాలి వైపు నుంచి చూస్తే నాకు అలా అనిపించదు. జబ్బుమనిషి ఒక మాట అంటే దానికి ఏడాది ప్రతిజ్ఞా? ఇష్టమైన మనిషి కళ్లెదుట చప్పిడి తిండి తింటుంటే ఆ వండిపెట్టే చేతికి ఎంత బరువు! కస్తూరిబా మాత్రం ఆ తరవాత ఉప్పు, పప్పు మానింది, కోలుకుంది. అది పథ్యం వల్లో, చేసిన సేవ వల్లో, ఇంకేం వల్లో తను చెప్పలేనని గాంధీగారే రాశారు.

ఇక 1912లో వచ్చింది పాల వంతు. ఆవుల్నీ గేదెల్నీ ఆఖరి చుక్కదాకా పిండడానికి కలకత్తాలో పాడివాళ్లు పెట్టే హింస గురించి ఆయన చదివారు. పాలు మనిషికి అవసరం లేదన్న నమ్మకం అప్పటికే ఉంది, దానికి ఈ జాలి తోడైంది. టాల్‌స్టాయ్ క్షేత్రంలో మిత్రుడు కలెన్‌బాక్‌తో కలిసి పాలు వదిలేశారు. వేరుశెనగపప్పు, అరటిపళ్లు, ఖర్జూరాలు, నిమ్మకాయలు, ఆలివ్ నూనె, ఇదీ అప్పటి తిండి.

మరుసటి ఏడు, 1913లో, క్రైస్తవ పద్ధతిలో జరగని పెళ్లిళ్లు చెల్లవన్న కోర్టు తీర్పు మీద ఆడవాళ్లు కదిలారు. కస్తూరిబా మూడు నెలల కఠిన శిక్ష అనుభవించి, ఎముకలగూడై బయటికొచ్చింది. తన పెళ్లి చెల్లదంటే ఊరుకునే మనిషి కాదు ఆవిడ.

నెయ్యి బదులు నూనె

1915లో దేశానికి తిరిగొచ్చారు. అహమ్మదాబాదులో ఆశ్రమం, 1917లో చంపారన్, 1918లో ఖేడా. ఆ వేసవిలో గాంధీగారు సైన్యంలో చేరమని చెప్పడానికి ఊరూరా కాలినడకన తిరిగారు. వేరుశెనగ ముద్ద, నిమ్మకాయలే ఆధారం. కడుపు పాడైంది. మధ్యాహ్నం ఏమీ తిననని చెప్పారు.

ఆ రోజు ఏదో పండగ. పండగపూట మగడు పస్తుంటే ఏ ఆడదాని ప్రాణం ఊరుకుంటుంది? పాలూ నెయ్యీ ముట్టనన్న ఆయన ప్రతిజ్ఞ చెడకుండా, కస్తూరిబా గోధుమతో తియ్యటి జావ లాంటిది చేసి అందులో నెయ్యి బదులు నూనె వేసింది. ఒక గిన్నెడు పెసలు కూడా విడిగా తీసి ఉంచింది. ఆయన నోరు కట్టుకోలేకపోయారు. కాస్త రుచి చూద్దామని మొదలెట్టి కడుపునిండా తిన్నారు. గంట తిరక్కుండా విరేచనాలు పట్టుకున్నాయి. చావు అంచుదాకా వెళ్లారు.

ఇక్కడ బాని తప్పు పట్టడం తేలిక. ఆ మాటకొస్తే ఆయన తన తిండియావనే తప్పుపట్టుకున్నారు గానీ ఆవిడని కాదు. నాకు మాత్రం ఆ గిన్నె చూస్తే వేరే సంగతి తోస్తుంది. చదువులేని ఆ ఇల్లాలికి భర్త సిద్ధాంతం నచ్చిందో లేదో, ఆయన నియమానికి లోబడే ఒక పండగ వంట కనిపెట్టింది. ఈనాడు పెద్ద పెద్ద ఊళ్లలో వీగన్ పాయసం అని అమ్మేది ఇంతకంటే వేరేముంది? 

జబ్బు నెలల తరబడి పీడించింది. 1919 జనవరిలో బొంబాయిలో డాక్టర్ దలాల్, పాలు తాగకపోతే ఈ ఒంటిని నిలబెట్టలేనని చెప్పాడు. ప్రతిజ్ఞ ఉంది కదా అన్నారు గాంధీగారు. ఏమని ప్రతిజ్ఞ చేశారు, ఎందుకు చేశారు అని డాక్టరు ఆరా తీశాడు. ఆవుల, గేదెల హింస గురించి ఆయన చెప్పారు. మంచం పక్కన నిలబడి వింటున్న కస్తూరిబా వెంటనే అందుకుంది: అయితే మేకపాలకి అభ్యంతరం లేనట్టే కదా! డాక్టరు సరేనన్నాడు. గాంధీగారు లొంగిపోయారు. ప్రతిజ్ఞలో మాట నిలిచింది, ప్రాణం పోయింది అని ఆయన జీవితాంతం బాధపడ్డారు. ఆయనకి ఆ బాధ మిగిలింది, మనకి ఆయన మరో ఇరవై తొమ్మిదేళ్లు మిగిలారు.

ఆ తరవాత కూడా ఆయన పాలకి బదులు వెతుకుతూనే ఉన్నారు. మన గోదావరి గాలి కూడా అందులో ఉంది. 1929 ఏప్రిల్, మే నెలల్లో ఆంధ్ర పర్యటనకి వచ్చినప్పుడు రాజమండ్రిలో ప్రకృతి వైద్యం చేసే సుందరం గోపాలరావుగారు పొయ్యి ఎక్కించని తిండి గురించి ఆయనకి బోధించారు. మొలకెత్తిన గోధుమలు, నూరిన బాదంపప్పు, పచ్చి ఆకులు, ఎండు ద్రాక్షతో ప్రయోగం మొదలైంది. ఆగస్టుకల్లా మళ్లీ కడుపు చెడింది, మళ్లీ మేకపాలే గతి అయింది. అంతకుముందే, తనని చూసి పాలు మానేసినవాళ్లు, ఒంటికి అన్నివిధాలా పడితే తప్ప, అనుభవమున్న వైద్యుడు చెప్తే తప్ప మొండిగా సాగించవద్దని ఆయన ఆత్మకథలో హెచ్చరించారు.

మా వంటింట్లో

ఈ కథంతా మా అమ్మాయికి చెప్పాను. అప్పటివాళ్లకి తెలియనిది ఒకటి ఇప్పుడు మనకి తెలుసు. బి12 అనే విటమిను మొక్కల తిండిలో నమ్ముకోదగినంత దొరకదు. దాన్ని కనిపెట్టిందే 1948లో. పాలు కూడా మానేవాళ్లు అది విడిగా వేసుకోవలసిందే. పిల్ల డాక్టరుగారి దగ్గరికి వెళ్లి రక్తపరీక్ష చేయించుకుని మాత్ర రాయించుకుంది. అది నా మొదటి షరతు.

రెండో షరతు, ఒక్కరోజులో అన్నీ మానకూడదని. ముందు కాఫీలో పాలు, తరవాత నెయ్యి, ఆఖర్న పెరుగు. చూడబోతే మన కోనసీమ వంటలో సగం ముందునుంచీ అలాంటిదే. ఆవపెట్టిన పనసపొట్టు కూర, కంద బచ్చలి, అరటిదూట పెసరపప్పు, కొబ్బరి పచ్చడి, పులిహోర, చిమ్మిలి, బెల్లం కొబ్బరిలౌజు, వీటిలో పాలచుక్క ఎక్కడుంది? పప్పన్నంలోకి నెయ్యి బదులు పప్పునూనె. పాయసంలోకి కొబ్బరిపాలు, అవి పొయ్యి మీద మరిగితే విరుగుతాయి కనక దింపాక పొయ్యాలి. ఎముకల బలానికి రాగిజావ. నూరు గ్రాముల రాగుల్లో మూడు వందల మిల్లీగ్రాములకి పైనే కాల్షియం ఉంటుంది, అంతే పాలల్లో నూట ఇరవై దాకా. ఒంటికి పట్టడంలో తేడా ఉన్నా, నువ్వులు, మునగాకు, పప్పులు తోడుంటే దిగులక్కర్లేదు.

పెరుగు దగ్గరే చిక్కొచ్చింది. వేరుశెనగపాలు తోడు పెడితే అత్తయ్యగారు ఒక ముద్ద తిని మొహం పక్కకి తిప్పేసుకున్నారు. ఆవిడ పెరుగు ఆవిడ తింటున్నారు, మనవరాలి గిన్నె మనవరాలిది. ఒకరి కంచంలోకి ఒకరు తొంగి చూడకూడదని మా ఇంట్లో ఒప్పందం. ఆ వేరుశెనగలు నానబోసి రుబ్బే పని అమ్మాయిదే. ప్రతిజ్ఞ పట్టినవాళ్లే రోలు పట్టాలన్నది నా మూడో షరతు. బాకి ఆ షరతు పెట్టే వీలు దొరికిందో లేదో!

1942 ఆగస్టులో కస్తూరిబాని అరెస్టు చేసి పూనాలోని ఆగాఖాన్ భవనంలో ఉంచారు. ఆవిడ మళ్లీ బయటికి రాలేదు. 1944 ఫిబ్రవరి 22న, శివరాత్రి నాడు, భర్త ఒడిలో కన్నుమూసింది. అదే ఏడు నవంబరులో ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్, ఆయన మిత్రులు కలిసి వీగన్ అనే మాట పుట్టించారు. ఆ మాట చెవిన పడకుండానే ఆవిడ వెళ్లిపోయింది.

ఈ శివరాత్రికి మా ముక్తేశ్వరం గుడి దగ్గర ఎప్పటిలాగే కిటకిట. కోటిపల్లి రేవు దాటి వచ్చే జనంతో తెల్లవార్లూ సందడి. మర్నాడు పారణకి నేను గోధుమనూక, బెల్లం, నువ్వులనూనెతో తియ్యటి జావ చేశాను. అమ్మాయి రెండోసారి వడ్డించుకోబోతే గరిటె పట్టుకుని ఆపాను. అత్తయ్యగారు మాత్రం ఏమీ అనకుండా తన గిన్నె ముందుకి జరిపారు.