మాటలోని క్రియను దర్శించిన ఆస్టిన్

1948 మార్చి 14న ప్రధాని నెహ్రూ విశాఖపట్టణంలో ‘జల ఉష’ నౌకకు జలప్రవేశం చేయించారు. ఇట్టి సందర్భాలలో ఓడకు పేరు పెడుతూ పలికే వాక్యం ఏ వార్తనూ తెలుపదు. ఆ పలకడమే నామకరణం. నిఖాలో సాక్షుల సమక్షాన ఖుబూల్ అనడం కూడా వివాహాన్ని వర్ణించడం కాదు, వివాహమాడడమే. ఈ సామాన్య విషయంలోని లోతును తరచి చూపినవాడు ఆక్స్‌ఫర్డు తత్త్వవేత్త జాన్ లాంగ్‌షా ఆస్టిన్. ఓడ పేరు, పెళ్లి మాట ఆయన ఇచ్చిన ఉదాహరణలే. అధికారం లేని దారినపోయేవాడెవడో ఓడకు పేరు పెడితే అది చెల్లదని కూడా ఆయనే చమత్కారంగా చూపాడు.

1911 మార్చి 26న ఇంగ్లండులోని లాంకాస్టరులో జన్మించిన ఆస్టిన్ ఆక్స్‌ఫర్డులో గ్రీకు, లాటిను భాషలు అభ్యసించాడు. ద్వితీయ ప్రపంచ సంగ్రామంలో సైనిక గూఢచార శాఖలో చేరి, 1944 నాటి నార్మండీ దండయాత్రకు సమాచారం సమకూర్చిన బృందాన్ని నడిపించాడు. 1952లో ఆక్స్‌ఫర్డులో నీతిశాస్త్రాచార్యుడయ్యాడు. జీవించి ఉండగా సొంత గ్రంథం ఒక్కటీ వెలువరించలేదు. 1955లో హార్వర్డులో చేసిన ఉపన్యాసాలు, 1960 ఫిబ్రవరి 8న, నలభై ఎనిమిదేళ్లకే ఆయన మరణించిన తరువాత, 1962లో గ్రంథరూపం దాల్చాయి. 1969లో అమెరికన్ తత్త్వవేత్త జాన్ సెర్ల్ ఆ సిద్ధాంతాన్ని విస్తరించాడు.

మన రుషికొండ ఐ.టి. కొండలపై ప్రోగ్రాములు రచించే యువతకు ఈ తత్త్వవేత్తతో పనేమి? ఒక నౌక తరఫు ప్రోగ్రాం రేవు ప్రోగ్రాంతో సంభాషిస్తున్నదని ఊహించండి. బెర్తు ఖాళీ అన్న విషయం ఒక్కటే. అది ప్రశ్నా, సమాచారమా, వాగ్దానమా? విషయాన్ని బట్టి తెలియదు. కావున 1990 దశకంలో రూపొందిన కె.క్యు.ఎం.ఎల్., ఫిపా భాషలు ప్రతి సందేశానికీ అది అడగడమో, తెలపడమో, ఒప్పుకోవడమో, నిరాకరించడమో సూచించే క్రియాపదాన్ని తగిలించాయి. ఆస్టిన్ భావన యంత్రాల వాడుకలోకి వచ్చింది.

అయితే ఫిపా నిర్మాతలు సందేశార్థాన్ని పంపిన ప్రోగ్రాం విశ్వాసాలతో, సంకల్పాలతో ముడిపెట్టారు. ఎవరో రాసిన ప్రోగ్రాం అంతరంగాన్ని పరీక్షించేదెవరు? 1998లో మునీందర్ సింగ్ ఈ లోపాన్నే ఎత్తిచూపి, పదిమందికీ కనబడే బాధ్యతలే అర్థానికి ఆధారం కావాలని వాదించాడు. ఇందులో నాకు ఆస్టిన్ స్వరమే వినిపిస్తుంది. నెరవేర్చే ఉద్దేశం లేకుండా చేసిన వాగ్దానం కపటమే కావచ్చు, అయినా అది వాగ్దానమే, చేసినవాడు దానికి బద్ధుడే అన్నది ఆయన నిశ్చయం. ఒకే బెర్తును ఒకే వేళకు రెండు నౌకలకు ఒప్పుకొన్న ప్రోగ్రాం మనస్సులో ఏమున్నదని విచారించనక్కరలేదు; ఒప్పుకొన్న సందేశాలు రెండూ చిట్టాలో ఉంటాయి.