మూసీని కొలిచిన విశ్వేశ్వరయ్యగారు

స్తంభముల బలముచేతనే వంతెన నిలుచునని సామాన్యుల యభిప్రాయము. దానిక్రింద నెంత నీరు పారవలసి యుండునో ముందుగా గణింపనిచో నెంతటి స్తంభములును నిలువజాలవు. ఈ సత్యమును హైదరాబాదు నగరమునకు బోధపరచిన మహనీయులు మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారు.

వారి జన్మస్థానము మైసూరు రాజ్యమునందలి ముద్దెనహళ్ళి. ఇంటిపేరు గిద్దలూరు ప్రాంతమునందలి మోక్షగుండ గ్రామమునుండి వచ్చినది. బాల్యముననే తండ్రిని గోల్పోయి, పిల్లలకు పాఠములు చెప్పుకొనుచు బెంగుళూరున చదివిరి. పూనాలో ఇంజనీరింగు పట్టమును బడసి, 1884లో బొంబాయి ప్రభుత్వోద్యోగమున ప్రవేశించిరి. వరద వచ్చినపుడు తమంత తామే తెరచుకొను తలుపులను కల్పించి, 1903లో ఖడక్‌వాస్లా జలాశయమున అమర్చిరి.

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి హైదరాబాదును ముంచెను. వేలకొలది జనులు మరణించిరి. అఫ్జల్, ముసల్లంజంగు, చాదర్‌ఘాటు వంతెనలు కొట్టుకొనిపోయెను. 1578 నాటి పురానాపూలు మాత్రము నిలిచెను. నిజాము ప్రభుత్వ మాహ్వానింపగా విశ్వేశ్వరయ్యగారు 1909లో వచ్చిరి. వారి దృష్టి కూలిన వంతెనలకడ నాగలేదు. నదికెగువనున్న ప్రాంతమంతటి వర్షపాతమును, చెరువులను, వరదజాడలను పరిశీలించిరి. ఆ ప్రాంతమున 788 చెరువులుండగా 221 తెగిపోయినవనియు, నగరముకడ ప్రవాహము సెకనుకు సుమారు 4,25,000 ఘనపుటడుగులనియు తేలెను. వరదను నగరమునకు పైననే నిలిపి, నది మోయగలిగినంత నీటినే విడువవలయునని వారు నిర్ణయించిరి. ఆ యాలోచనయే మూసీపై 1920లో ఉస్మాన్‌సాగరముగను, ఈసీపై 1927లో హిమాయత్‌సాగరముగను రూపొందెను.

అనంతరము వారు 1912 మొదలు 1918 వరకు మైసూరు దివానుగా నుండిరి, 1955లో భారతరత్న బిరుదమందిరి, 1962లో పరమపదించిరి.

వంతెన స్తంభములు నదీమార్గమును ఇరుకుచేయును. అందుచే నెగువ నీటిమట్టము హెచ్చును. స్తంభముల మొదట సుడులు పుట్టి ఇసుకను తొలిచివేయును. చెట్లును చెత్తయు నడ్డుపడినచో ఆపద రెట్టింపగును. నేటి ఇంజనీర్లు దీనినంతయు చిన్న నమూనాలలో నీరు పారించి ముందుగనే చూచుచున్నారు. నమూనాను 25వ వంతు కొలతతో నిర్మించినచో, వేగమును 5వ వంతునకును, పారెడి నీటిని 3125వ వంతునకును తగ్గింపవలయును. ఇట్టి పరీక్షలు చేయు ఇంజనీరింగు పరిశోధనశాల హిమాయత్‌సాగరము చెంతనే యుండుట సముచితముగ నున్నది.

మహానదికి వర్తించు న్యాయమే వీధికాలువకును వర్తించును. జూబిలీహిల్సు దాపుననున్న శ్రీనగర్ కాలనీలో కురిసిన వాన కాలువలవెంట హుసేన్‌సాగరమును, అందుండి మూసీని చేరును. ఆ కాలువలపైని కల్వర్టుల నోళ్ళను చెత్తతో పూడ్చి, గట్ల నాక్రమించి యిండ్లు కట్టినచో, ఎంత నిపుణుడు వేసిన లెక్కయైనను తారుమారగును. ఏటేట సెప్టెంబరు 15వ తేదీన విశ్వేశ్వరయ్యగారి జయంతిని ఇంజనీర్ల దినముగా జరుపుకొనుచున్నారము. గృహస్థులును భూస్వాములును నీటికి కావలసిన చోటును నీటికే విడిచినపుడు గాని వారి ఋణము తీరదు.