మనసుకీ శాంతికీ ముడి వేసిన ఓక్‌విల్ డాక్టరు

ఓక్‌విల్ (కెనడా): మేం పనిచేసే ఓక్‌విల్ టొరంటో పక్కనే, ఒంటారియో సరస్సు ఒడ్డున ఉంటుంది. కార్ల ఫ్యాక్టరీ ఉన్న ఊరుగానే చాలామందికి తెలుసు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తొలి డైరెక్టర్ జనరల్ డాక్టర్ బ్రాక్ చిజమ్ పుట్టింది ఇక్కడేనని మనవాళ్లలో ఎక్కువమందికి తెలియదు. పొట్టకూటికి ఊరు దాటి వచ్చిన మనం ఆయన గురించి తెలుసుకోవాలి.

చిజమ్ 1896 మే 18న పుట్టారు. ఇరవై ఏళ్లు నిండకుండానే, 1915లో సైన్యంలో చేరి మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లారు. అక్కడ వంట చేశారు, తుపాకీ పట్టారు, గాయపడ్డారు. కెప్టెన్ దాకా ఎదిగారు. మిలిటరీ క్రాస్ పతకం రెండుసార్లు వచ్చింది. తిరిగొచ్చాక 1924లో టొరంటో యూనివర్సిటీలో డాక్టరు పట్టా పుచ్చుకున్నారు. కొన్నేళ్లు సొంతూళ్లోనే మామూలు వైద్యం చేశారు. ఆ తర్వాత మనోవైద్యం వైపు మళ్లి, అమెరికాలోని యేల్‌లో చదువుకుని, 1934లో టొరంటోలో ప్రాక్టీసు పెట్టారు.

రెండో ప్రపంచ యుద్ధంలో కెనడా సైన్యం వైద్య విభాగం మొత్తానికీ ఆయనే అధిపతి. ఆయన హయాంలో సిపాయిని పరీక్షించేటప్పుడు కన్ను, చెవి, చేతులు, కాళ్లతో పాటు మనసు నిలకడకూ విడిగా మార్కు వేసే పద్ధతి వచ్చింది. మా సైట్లలో ఇప్పటికీ పొద్దున్నే హెల్మెట్ చూస్తాం, బెల్టు చూస్తాం. రాత్రి నిద్రపోయావా అని మాత్రం ఎవరమూ అడగం.

మొహమాటం లేని మనిషి. శాంటా క్లాజ్ నిజంగా ఉన్నాడని పిల్లలకు అబద్ధం చెప్పొద్దని 1945లో అన్నందుకు కెనడాలో పెద్ద గొడవే అయింది. రెండు యుద్ధాలు చూసిన ఆయనకు ఒకటే దిగులు. చిన్నప్పుడు నూరిపోసిన భయాలు, ద్వేషాలే పెద్దయ్యాక యుద్ధాలవుతాయని ఆయన నమ్మకం.

1946లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రాజ్యాంగం తయారుచేసిన నిపుణుల్లో చిజమ్ ఒకరు. రోగం లేనంతమాత్రాన ఆరోగ్యం కాదని, ఒళ్లు, మనసు, నలుగురితో బతికే బతుకు మూడూ బాగుండాలని అందులో రాసుకున్నారు. ప్రజల ఆరోగ్యం మీదే ప్రపంచ శాంతి ఆధారపడుతుందనీ చేర్చారు. 1948 ఏప్రిల్ 7న అది అమల్లోకి వచ్చింది. ఏటా ఆరోగ్య దినోత్సవం జరిపేది ఆ రోజునే. చిజమ్ 1948 నుంచి 1953 వరకు ఆ సంస్థను నడిపారు. తర్వాత ప్రపంచ మానసిక ఆరోగ్య సమాఖ్యకు అధ్యక్షుడయ్యారు. 1957లో అణ్వాయుధాల ముప్పుపై కెనడాలోని పగ్‌వాష్‌లో శాస్త్రవేత్తలు జరిపిన మొదటి సమావేశంలోనూ ఉన్నారు. 1971 ఫిబ్రవరి 4న విక్టోరియా నగరంలో కన్నుమూశారు.

దేశాల సంగతి అలా ఉంచి మన గదుల సంగతి చూద్దాం. ఒక్కో గదిలో నలుగురైదుగురం ఉంటాం. ఇంటి దగ్గర అప్పు, వీసా గడువు, చూడలేకపోయిన చావులు, పెళ్లిళ్లు అన్నీ లోపలే దాచుకుంటాం. అది చివరికి గిన్నెలు కడిగే వంతు మీదో, మీ జిల్లా మా జిల్లా అనో, కులం పేరు మీదో పేలుతుంది. కొట్టుకున్నవాళ్లని విడదీస్తాం, రాజీ చేస్తాం. వారం తిరక్కుండా మళ్లీ మొదలు. లోపలున్న దిగులు తీరనిదే రాజీ నిలవదని మేం చూస్తూనే ఉన్నాం.

అందుకే గదిలో ఎవరైనా తిండి మానేసినా, మాట తగ్గించినా, తాగుడు పెంచినా పిచ్చి అని ముద్ర వేయకండి. పక్కన కూర్చుని అడగండి, డాక్టరు దగ్గరికి తోడు వెళ్లండి. చావు మాట ఎత్తితే ఒంటరిగా వదలొద్దు. కెనడాలో 2023 నవంబరు నుంచి 988కి పగలూ రాత్రీ ఫోన్ చేయొచ్చు. ఇండియాలో ఉన్న మన ఇంటివాళ్లకు 2022లో మొదలైన టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు. ఈ రెండు నంబర్లూ ఫోన్‌లో రాసి పెట్టుకోండి, ఇంటికీ పంపండి.